చెప్పలేకపోయిన అద్దె సంగతి: ‘నార్మల్ పీపుల్’ నవలలో ప్రేమ, డబ్బు, వర్గం

2011 జనవరిలో, ఐర్లండ్ పశ్చిమాన స్లైగో కౌంటీలో, కారిక్లీ అనే కల్పిత చిన్న పట్టణంలో కథ మొదలవుతుంది. బడిలో చివరి ఏడాది చదువుతున్న కానెల్ వాల్డ్రన్ ఒక పెద్ద ఇంటి బెల్లు నొక్కుతాడు. తలుపు తీసేది అతనితో పాటు అదే బడిలో చదివే మేరియాన్ షెరిడన్. అతను వచ్చింది ఆమె కోసం కాదు, ఆ ఇంట్లో శుభ్రం చేసే పనిలో ఉన్న తల్లి లొరేన్‌ను కారులో ఇంటికి తీసుకువెళ్లడానికి. వంటింట్లో లొరేన్ చేతులకున్న రబ్బరు తొడుగులు విప్పుకుంటూ ఉంటుంది. మేరియాన్ ఒక్క ఊపున వంటగట్టు మీదికెక్కి కూర్చుని, మూత తీసిన చాక్లెట్ సీసాలో అప్పటికే వదిలేసి ఉన్న చెంచాను అందుకుంటుంది. మాట్లాడుకునేది పరీక్షల మార్కుల గురించి. ముగ్గురూ ఒకరితో ఒకరు మర్యాదగానే ఉంటారు. అయితే ఆ వంటిల్లు ఒకరికి సొంత ఇల్లు, ఒకరికి పనిచేసే చోటు, మూడో వ్యక్తికి తల్లి పని ముగిసేదాకా ఎదురుచూసే చోటు. తర్వాతి నాలుగేళ్ల కథకు కావలసినదంతా ఈ అమరికలోనే ఉంది.

ఐరిష్ రచయిత్రి శాలీ రూనీ రాసిన ఈ నవల 2018లో వెలువడింది. అదే ఏడాది మ్యాన్ బుకర్ తొలి జాబితాలో చోటు దక్కించుకుంది, ఉత్తమ నవలకు అప్పట్లో ఇచ్చిన కోస్టా పురస్కారాన్నీ అందుకుంది. రూనీ 1991లో మేయో కౌంటీలోని కాసిల్‌బార్‌లో పుట్టి, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం చదివిన రచయిత్రి. తన ఆలోచనకు ఆధారం మార్క్సిజమని బహిరంగంగా చెప్పే మనిషి కూడా. ఆ ఆలోచనకూ ప్రేమకథకూ పొత్తు ఎలా కుదిరిందన్న ప్రశ్నకు చాలా సమీక్షల్లో దొరికే జవాబు ఒక్కటే: ఆమె పాత్రలు రాజకీయాలు మాట్లాడతాయి. ఆ జవాబు సరిపోదు. పాత్రలు మాట్లాడే రాజకీయాల కన్నా వాళ్లు నోరు విప్పలేకపోయిన చోట్లలోనే ఈ నవలలో వర్గం ఎక్కువగా పనిచేస్తుంది. ప్రేమకు అడ్డుపడే గోడగా కాక, ప్రేమించుకునే ఇద్దరి నోటికీ అడ్డుపడే శక్తిగా దాన్ని చూపడమే ఈ రచన సాధించిన అసలు విషయం.

కలవారి, లేనివారి ప్రేమకథల్లో అడ్డంకి సాధారణంగా మనిషి రూపంలో వస్తుంది. అంతస్తుల పట్టింపు ఉన్న తండ్రి, కోడలి పుట్టింటి ఆస్తి లెక్కగట్టే అత్త, డబ్బు ఆశ చూపి తప్పుకోమనే బంధువు కనిపిస్తారు. 1960, 70ల్లో వారపత్రికల సీరియళ్లతో పెరిగిన తెలుగు పాఠకులకు ఈ తీరు బాగా పరిచయం. ఎత్తైన విగ్రహం, కారు, మేడ ఉన్న నాయకుడి ముందు ఉద్యోగం చేసుకు బతికే నాయిక ఆత్మాభిమానంతో తలెత్తుకు నిలబడుతుంది. అపార్థాలు తొలగుతాయి, పెళ్లి జరుగుతుంది, మేడ ఇద్దరిదీ అవుతుంది. ఆ నవలల్లో నాయిక అభిమానానికి ఇచ్చిన విలువ చిన్నది కాదు. సొంత సంపాదన కొత్తగా అలవాటవుతున్న ఒక తరం ఆడవాళ్లు అందులో తమను చూసుకున్నారు. కాకపోతే అక్కడ పెళ్లితో అంతరం చెరిగిపోతుంది, అంటే చివరికి అంతరం గురించి మాట్లాడే అవసరమే ఉండదు. రూనీ నవలలో పెళ్లి ప్రసక్తి లేదు, అడ్డుపడే పెద్దలూ లేరు. మేరియాన్ తల్లి డెనీస్ వృత్తిరీత్యా సొలిసిటర్, అంటే న్యాయవాది. కూతురి ప్రేమ వ్యవహారాన్ని ఆపడానికి ఆమె ప్రయత్నమేమీ చేయదు. ఎవరూ ఆపకపోయినా ఇద్దరూ మళ్లీ మళ్లీ విడిపోతారు.

మొదటిసారి విడిపోవడానికి కారణం డబ్బు తేడాకు సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. బడిలో పరపతి ఉన్నది కానెల్‌కు. ఫుట్‌బాల్ జట్టులో ముందు వరసలో ఆడతాడు, అందరికీ ఇష్టుడు. పెద్ద ఇంటి పిల్లయిన మేరియాన్‌కు స్నేహితులు లేరు, పొగరుబోతని, వింత మనిషని పేరు. ఇద్దరూ రహస్యంగా దగ్గరైనప్పుడు ఆ సంగతి బయటికి పొక్కకూడదని కోరేది అతనే. చదువు ముగిసే ఏడాది జరిగే ‘డెబ్స్’ అనే నృత్య వేడుకకు మేరియాన్‌ను కాక, తన స్నేహబృందంలోని మరో అమ్మాయిని పిలుస్తాడు. తాను ఎవరి ఇంట్లో పనిచేస్తుందో ఆ ఇంటి పిల్లను తన కొడుకు ఇలా అవమానించాడని తెలిసి, లొరేన్ కారు ఆపించి దిగిపోతుంది. కొడుకు ప్రవర్తనకు సిగ్గుపడుతున్నానని చెబుతుంది. నవల మొత్తంలో నైతికంగా అందరికన్నా ఎత్తున నిలిచే మనిషి ఈ లొరేన్. పదిహేడేళ్లకే తల్లయి, కొడుకును ఒంటరిగా పెంచిన ఆమెకు ఊరు తనను ఎలా చూస్తుందో బాగా తెలుసు. డెనీస్ దృష్టిలో వాల్డ్రన్‌లు తమకు సరితూగే వాళ్లు కారని కొడుకుతో ఆమె అన్నప్పుడు, కానెల్‌కు అది కొత్తగా వినిపిస్తుంది. మేరియాన్‌తో కనిపిస్తే తన పరువు పోతుందని భయపడినవాడికి, పైమెట్టు మీద ఉన్నది ఆమె కుటుంబమేనన్న ఆలోచన అంతవరకూ తట్టలేదు.

ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త పియెర్ బోర్డ్యూ పెట్టుబడి ఒక్క డబ్బు రూపంలోనే ఉండదన్నాడు. పరిచయాలు, అభిరుచి, మాటతీరు, చదువు కూడా పెట్టుబడులేననీ, ఒక చోట చెల్లేది మరో చోట చెల్లకపోవచ్చనీ వివరించాడు. కారిక్లీ బడిలో కానెల్‌కున్న పరపతి డబ్లిన్‌లో చెల్లదు. మేరియాన్ ప్రోద్బలంతో అతను గాల్వేలో న్యాయశాస్త్రం చదవాలన్న ఆలోచన మానుకుని ట్రినిటీలో ఆంగ్ల సాహిత్యంలో చేరతాడు. అక్కడి తోటి విద్యార్థులు వేటగాళ్ల తరహా మైనపు పూత కోట్లు, నేరేడు రంగు ప్యాంట్లు వేసుకుంటారు. చదవని పుస్తకాల గురించి కూడా తడుముకోకుండా వాదిస్తారు. కానెల్ నిజంగా చదివి వస్తాడు, ఎక్కడికైనా అవే ఆడిడాస్ బూట్లు వేసుకుని వస్తాడు, నోరు విప్పడు. చదవకుండానే మాట్లాడగలిగే ధీమా ఎక్కడి నుంచి వస్తుందో అతనికి మొదట అర్థం కాదు. క్రమంగా అర్థమవుతుంది: వాళ్లకు తప్పు మాట్లాడినా పోయేదేమీ లేదు. ఇక కారిక్లీలో ఎవరికీ పట్టని మేరియాన్ ఇక్కడ విందుల్లో అందరి చూపూ తన మీదే ఉండే మనిషి. ఆమె మారలేదు, ఆమె విలువ కట్టే మనుషులు మారారు.

ఈ కథ నడిచే కాలం 2011 జనవరి నుంచి 2015 ఫిబ్రవరి వరకు. ఐర్లండ్ చరిత్ర తెలిసినవారికి ఆ తేదీలు ఊరికే పెట్టినవి కావని తెలుస్తుంది. 1990ల మధ్య నుంచి ‘కెల్టిక్ టైగర్’ అని ప్రపంచం పొగిడిన ఆర్థిక ఎదుగుదల 2008లో కూలింది. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం బ్యాంకుల అప్పులకు పూచీ పడింది. 2010 నవంబరు నాటికి ఐరోపా సంఘం, అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆధ్వర్యంలో 85 బిలియన్ యూరోల సహాయ పథకానికి ఒప్పుకోవలసి వచ్చింది. 2012 నాటికి నిరుద్యోగం 15 శాతం దగ్గరికి చేరింది. 1996 నుంచి ఐర్లండ్‌లో డిగ్రీ చదువుకు ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే భరిస్తున్నా, ‘విద్యార్థి వాటా’ పేరుతో వసూలు చేసే మొత్తం 2011లో 2,000 యూరోలు. అక్కడి నుంచి ఏటా 250 చొప్పున పెరుగుతూ 2015 నాటికి 3,000కు చేరింది. దానికి డబ్లిన్ అద్దెలు కలిపితే, ఇల్లు శుభ్రం చేసే పని మీద బతికే తల్లి కొడుకు రాజధానిలో చదవడానికి ఎంత కూడబెట్టుకోవాలో ఊహించవచ్చు.

ఆ పతనం నవలలోకి ఉపన్యాసంగా కాక ఒక ఖాళీ ఇంటి రూపంలో వస్తుంది. బూమ్ కాలంలో మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఇళ్ల కాలనీలను ఐర్లండ్‌లో ‘ఘోస్ట్ ఎస్టేట్లు’ అన్నారు. 2010లో ప్రభుత్వం చేయించిన సర్వేలో ఇలాంటి అసంపూర్తి కాలనీలు 2,800కు పైగా తేలాయి. కారిక్లీ బడి వెనక ఉన్న అలాంటి ఒక కాలనీలో కుర్రకారు చేరి తాగే ఖాళీ ఇంటిని కానెల్ మేరియాన్‌కు చూపిస్తాడు. అమ్ముడుపోకపోతే ఎవరికైనా ఊరికే ఇచ్చేయవచ్చు కదా అని ఆమె అడుగుతుంది. వెటకారం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతుంది. అదంతా పెట్టుబడిదారీ వ్యవస్థకు సంబంధించిన వ్యవహారమని అతనంటాడు. అన్నీ అంతేననీ, వచ్చిన చిక్కే అదనీ ఆమె అంటుంది. తన ఇల్లు ఎంత పెద్దదో, అతనిది ఎంత చిన్నదో ఎన్నడూ కొలిచి చూడని అమ్మాయి ఆ ప్రశ్న అడగడమూ, ఆ తేడా రోజూ చూసే అబ్బాయి జవాబును ఒక సాధారణ సూత్రంగా తేల్చేయడమూ గమనించదగ్గవి. వ్యవస్థ గురించి ఇద్దరికీ మాటలున్నాయి. తమ ఇద్దరి గురించి లేవు.

ఆ లోటు ఎంత నష్టం చేయగలదో 2012 వేసవిలో బయటపడుతుంది. అప్పటికి ఇద్దరూ డబ్లిన్‌లో మళ్లీ దగ్గరయ్యారు. కానెల్ ఒక రెస్టారెంట్‌లో పనిచేస్తూ, వేరొకరితో గది పంచుకుని ఉంటున్నాడు. రాత్రుళ్లు మాత్రం చాలావరకు గడిచేది మేరియాన్ ఫ్లాట్‌లోనే, అది ఆమె కుటుంబానికి చెందినది. రెస్టారెంట్‌లో అతనికి పని గంటలు తగ్గిస్తారు. వేసవికి అద్దె కట్టే దారి ఉండదు. సెప్టెంబరు దాకా ‘నీ దగ్గర ఉండవచ్చా’ అని అడిగితే చాలు. నిజానికి అప్పటికే సగం కాపురం అక్కడే. అయినా ఆ ప్రశ్న అతని నోట రాదు, అది డబ్బు అడిగినట్టే ఉంటుందనిపిస్తుంది. కథనం అక్కడ ఆగి ఒక సంగతి చెబుతుంది: ఆమె తల్లి అతని తల్లికి నేల తుడిచినందుకు, బట్టలు ఆరేసినందుకు డబ్బిస్తుందన్న విషయం గానీ, ఆ డబ్బే చేతులు మారి కానెల్ జేబులోకి వచ్చి, తరచు మేరియాన్ కోసమే ఖర్చవుతుందన్న విషయం గానీ వాళ్లిద్దరి మధ్య ఎన్నడూ మాటల్లోకి రాలేదు. ప్రేమకథలో ఇంత పచ్చిగా ఒక జీతం డబ్బు ప్రయాణాన్ని గీసి చూపిన వాక్యం అరుదు. ఒక ఇంటి నుంచి బయల్దేరిన నోటు పని మనిషి ఇల్లు చుట్టి, ఆమె కొడుకు చేతి మీదుగా అదే ఇంటి కూతురికి కాఫీగానో సినిమా టికెట్టుగానో తిరిగి చేరుతుంది. మధ్యలో ఉన్న శ్రమ మాత్రం ఎవరికీ కనిపించదు.

చివరికి కానెల్ చెప్పేది వేసవికి ఊరు వెళ్లిపోతున్నానన్న మాట ఒక్కటే. ఉండిపొమ్మని ఆమె అంటుందని అతని ఆశ. తనను వదిలించుకోవడానికి అతను దొరకబుచ్చుకున్న మర్యాదైన దారి ఇదని ఆమె అనుకుంటుంది. నీకు వేరే వాళ్లతో తిరగాలని ఉంటుందేమో అని అతను అంటే, ఆమె ముక్తసరిగా సరేనంటుంది. ఆ గొంతు అతనికి చల్లగా వినిపిస్తుంది. సంబంధం ముగుస్తుంది. ఈ ఘట్టం చదివి విసుక్కున్న పాఠకులు చాలామందే. ఒక్క మాట అడిగితే తీరిపోయేదాన్ని రచయిత్రి కావాలని సాగదీసిందని వారి ఫిర్యాదు. అపార్థం మీద నడిచే ప్రేమకథల్లో సాధారణంగా ఆ ఫిర్యాదు న్యాయమైనదే. ఉత్తరం దారి తప్పడం, చాటున విన్న మాట మరోలా అర్థం కావడం వంటివి కాకతాళీయాలు, రచయిత పనికోసం పుట్టినవి. ఇక్కడి మౌనం అలాంటిది కాదు. ఫ్లాట్ అతనిదై, పని పోయినది ఆమెకై ఉంటే ఆమె ఆ మాట అలవోకగా అడిగి ఉండేది, ఎందుకంటే ఆమెకు ఎవరి ఇంట్లోనూ కూలి మనిషి కూతురిగా నిలబడిన అనుభవం లేదు. అతను అడిగితే ప్రియుడిగా అడిగినట్టు ఉంటుందా, లొరేన్ కొడుకుగా అడిగినట్టు ఉంటుందా అన్నది అతనికే తెలియదు. ఆమె వైపు నుంచి చూస్తే అద్దె అనేది ఒక ఇబ్బంది కాగలదన్న ఊహే రాదు. అందుకే అతని మాటకు ఆమెకు దొరికే అర్థం ప్రేమ తగ్గిందన్నది ఒక్కటే.

తర్వాత ఈ విషయం మీద ఇద్దరూ మాట్లాడుకుంటారు. తమ పరిచయానికి మూలం తన ఇంట్లో అతని తల్లి పనిచేయడమేనని మేరియాన్ ఒప్పుకుంటుంది. తన తల్లి మంచి యజమాని కాదనీ, లొరేన్‌కు సరైన జీతం ఇవ్వడం లేదేమోననీ అంటుంది. ఇవ్వడం లేదని కానెల్ మొరటుగా, ఏ సర్దుబాటూ లేకుండా చెబుతాడు. నవలలో ఇంతకన్నా ఉద్వేగభరితమైన ఘట్టాలు ఉన్నాయి గానీ, ఇంత నిజాయతీ ఉన్న సంభాషణ బహుశా లేదు. ఆ వేళకు మేరియాన్ జీవితంలోకి జేమీ వచ్చి ఉంటాడన్నది ఇంకో చేదు. ఐర్లండ్‌ను ముంచిన ఆర్థిక సంక్షోభానికి కారకులైన మనుషుల్లో, మాటవరసకు కాదు, అక్షరాలా ఒకడి కొడుకు అతను. సంక్షోభం దెబ్బకు పని గంటలు పోగొట్టుకున్నవాడు ఊరికి వెళ్లిపోతే, ఆ చోటులోకి సంక్షోభం తెచ్చినవాడి కొడుకు వస్తాడు. రూనీ దీన్ని నొక్కి చెప్పదు, ఒక వాక్యంలో దాటేస్తుంది.

అంతరాన్ని నవల తగ్గించే పద్ధతి కూడా ప్రేమ కాదు, ఒక పరీక్ష. ట్రినిటీలో 1592లో కాలేజీ పుట్టినప్పటి నుంచి వస్తున్న ‘స్కాలర్’ హోదా ఉంది. సాధారణంగా రెండో ఏడాదిలో కఠినమైన పరీక్షలు రాసి నెగ్గినవారికి ఫీజు, వసతి, కాలేజీ భోజనశాలలో సాయంత్రం భోజనం ఉచితం. రూనీ స్వయంగా 2011లో ఈ హోదా పొందింది. కానెల్, మేరియాన్ ఇద్దరికీ అది దక్కుతుంది. మేరియాన్‌కు అది తాను ప్రత్యేకమన్న నమ్మకానికి అందిన మరో ధ్రువీకరణ. కానెల్‌కు అది కళ్లెదుట ప్రత్యక్షమైన ఒక భౌతిక వాస్తవం. అది దక్కిన ఏడాది వేసవిలో అతను ఐరోపా తిరుగుతాడు. వియన్నాలో డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన చిత్రం ముందు ఒక మధ్యాహ్నమంతా గడిపి, బయటికి వచ్చి చవకగా ఒక చల్లని బీరు తాగగలుగుతాడు. అంతవరకూ అతనికి విదేశీ నగరాలు, ప్రసిద్ధ చిత్రాలు, బెర్లిన్ గోడ శిథిలాలు నాటకం వెనక వేలాడే రంగుల తెర లాంటివి. అవి నిజంగా ఉన్నాయని ఇప్పుడు తెలుస్తుంది. లోకాన్ని వాస్తవం చేసే పదార్థం డబ్బేనని అతను అనుకుంటాడు, అందులో ఏదో కుళ్లు ఉందనీ, ఆకర్షణ కూడా ఉందనీ గుర్తిస్తాడు. పేదరికమంటే లేమి ఒక్కటే కాదనీ, ఉన్న లోకం నమ్మదగ్గదిగా అనిపించకపోవడమనీ ఇంత స్పష్టంగా చెప్పిన పేరాలు సమకాలీన ప్రేమ నవలల్లో తక్కువ.

కథన పద్ధతి కూడా ఈ పనికి తోడ్పడుతుంది. నవల వర్తమాన కాలంలో, మూడో వ్యక్తి కథనంలో, ఒకసారి అతని వైపు నుంచి, ఒకసారి ఆమె వైపు నుంచి సాగుతుంది. అధ్యాయాల శీర్షికలు ‘మూడు నెలల తర్వాత’, ‘ఆరు వారాల తర్వాత’ అన్నట్టు ఉంటాయి. సంభాషణలకు ఉటంకింపు గుర్తులు లేవు. దాంతో మనిషి పైకి అన్నదేదో, మనసులో అనుకున్నదేదో విడదీయడానికి పాఠకుడు శ్రద్ధ పెట్టక తప్పదు. 2020లో వచ్చిన పన్నెండు భాగాల టెలివిజన్ రూపం ఇళ్ల మధ్య, బట్టల మధ్య తేడాను చక్కగా చూపింది, మౌనాలను నటుల ముఖాల మీద నిలిపింది. జీతం డబ్బు ప్రయాణం గురించి కథనం చెప్పే మాటకు మాత్రం కెమెరా దగ్గర సాటి లేదు. అందుకే తెర మీద ఆ విడిపోవడం ఇద్దరు బిడియస్థుల కథగా ఎక్కువ, అద్దె కథగా తక్కువ కనిపిస్తుంది.

నవలకు లోపాలు లేకపోలేదు. మేరియాన్ ఇంట్లో క్రూరత్వం హద్దులు దాటింది. చనిపోయిన తండ్రి భార్యను కొట్టినవాడు, అన్న అలన్ చెల్లెలి మీద చెయ్యి చేసుకునేవాడు, తల్లి చూసీ చూడనట్టు ఉండేది. లొరేన్ ఇల్లేమో ఆప్యాయతకు ఆలవాలం. ఇలా పంచిపెట్టడంతో సంపద అనేది వ్యవస్థగా కాక కుటుంబంలోని రోగంగా కనిపించే ప్రమాదం ఉంది. డెనీస్ మంచి మనిషై, ప్రేమగల తల్లై, లొరేన్‌కు అంతే తక్కువ జీతం ఇచ్చి ఉంటే ప్రశ్న మరింత పదునెక్కేది. రెండోది, కానెల్ అసాధారణ ప్రతిభావంతుడు. పరీక్ష నెగ్గి గట్టెక్కుతాడు. అంత తెలివి లేని పని మనిషి కొడుకు అదే వేసవిలో ఊరికి తిరిగివెళ్తే ఏమయ్యేవాడన్న ప్రశ్న వైపు కథ చూడదు. కానెల్ ఒక సాహిత్య సభకు వెళ్లి, చదువుకున్నవాళ్లు చదువు లేనివాళ్ల కన్నా తాము ఉన్నతులమనుకోవడానికి పుస్తకాన్ని వాడుకుంటున్నారని బాధపడే ఘట్టంలో, ఈ నవల చదివే మనుషుల మీదా, రాసే మనిషి మీదా ఆ ఆరోపణ పడుతుందన్న ఎరుక రూనీకి ఉంది. ఆ ఎరుక ఉన్న చోట కూడా ఆమె దగ్గర జవాబు లేదు.

ముగింపు 2015 ఫిబ్రవరిలో. న్యూయార్క్‌లో సృజనాత్మక రచన చదవడానికి కానెల్‌కు అవకాశం వస్తుంది. దరఖాస్తు పెట్టిన సంగతి అతను మేరియాన్‌కు ముందు చెప్పలేదు. ఆమె వెళ్లమంటుంది, తాను ఇక్కడే ఉంటానంటుంది. పైకి ఇది 2012 వేసవికి నకలు: మళ్లీ అతను వెళ్లడం, మళ్లీ ముందు దాచిన ఒక విషయం. తేడా ఏమిటంటే ఈసారి మాట మధ్యలో తెగిపోదు. వెళ్లాలని లేదని అతను చెప్పగలుగుతాడు, ఎందుకు వెళ్లాలో ఆమె చెప్పగలుగుతుంది. ప్రేమ పరిపక్వమైందని దీన్ని చదవడం తేలిక, చాలామంది అలాగే చదివారు. కానీ ఈ రెండు సంభాషణల మధ్య జరిగినవాటిలో ఆ స్కాలర్‌షిప్ కూడా ఉంది. తల మీద కప్పు, రోజూ భోజనం, కట్టిన ఫీజు ఉన్న కానెల్ ఇప్పుడు ఆమె ముందు ఏమీ అడగనవసరం లేని మనిషి. వాళ్లు మనసు విప్పి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు, అయితే డబ్బు సంగతి మరొకరు తేల్చిపెట్టిన తర్వాత.